మాట మోసినవాళ్ళ వంతు

కొండలంటే నాకు మొదటినుంచీ పడదు. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు భయం, పైన ఉన్నంతసేపూ చలి. అయినా ఏటా ఒకసారి నేను అరకు లోయకు వెళ్ళివస్తానని మా విజయనగరంలో చాలామందికి తెలిసిపోయింది. దారెటు, బండికి ఎంత, బస ఎక్కడ, పులులున్నాయా అని ఇంటికొచ్చి మరీ అడుగుతున్నారు. ఆడపిల్లల బడిలో రోజంతా ఇంగ్లీషు చెప్పి వచ్చే పంతులమ్మకు సాయంత్రం ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక ఎక్కడుంటుంది? అందుకే అందరికీ కలిపి ఒక్కసారే రాస్తున్నాను. పులి నాకు కనబడలేదు. నేను దానికి కనబడ్డానేమో తెలియదు.

అసలీ ప్రయాణం నా కోరికతో మొదలవలేదు. కొన్నేళ్ళ కిందట మా ఊరికి దగ్గరలో ఉన్న మాంగనీసు గనులకు హంగేరీ దేశపు ఇంజినీరు ఒకాయన వచ్చాడు. ఆయన భార్య పేరు ఇలోనా. నలభై దాటిన మనిషి, పిల్లలు లేరు. తమ దేశపు పిల్లలకు ఇంగ్లీషు నేర్పడానికి చిన్న పుస్తకం రాసుకుంటూ ఉండేది. మనలాగే వాళ్ళకూ అది పరాయి భాషే. విడి మాటలు వాళ్ళ పిల్లలకు బాగానే వస్తాయట, చిక్కంతా చిన్న చిన్న క్రియలతోనే. గివ్ తెలుసు, అప్ తెలుసు, రెండూ కలిసి గివప్ అయ్యేసరికి బిక్కమొహం వేస్తారట. మా బడిలోనూ అదే వరస అని నేననడంతో మాకు స్నేహం కుదిరింది. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని ఒక్కొక్క ఇంగ్లీషు పలుకుబడినీ పట్టుకుని, దాన్ని ఆవిడ తన భాషలో, నేను మన భాషలో ఏమంటామో చెప్పుకునేవాళ్ళం.

గివప్‌కు వాళ్ళ మాట ఫెలొద్. ముక్కలు విడదీస్తే అదీ 'పైకి ఇవ్వడమే'నట. మనమైతే చేతులెత్తేస్తాం. ఇంగ్లీషువాళ్ళు నిద్రలోకి పడిపోతారు, మనకు మాత్రం నిద్రే వచ్చి పడుతుంది. లుక్ ఆఫ్టర్ అన్నచోట వాళ్ళు 'మీద కాపలా ఉండు' అన్నట్టు చెబుతారట. విడిపోయేటప్పుడు 'నిన్ను నువ్వు కాచుకో' అనడం వాళ్ళ అలవాటు, విద్యాజ్ మొగొద్రొ అని. ఐ మిస్ యూ అన్నదాని దగ్గర చాలాసేపు ఆగిపోయాం. వాళ్ళ భాషలో అది 'నువ్వు నాకు కొరతగా ఉన్నావు' అన్నట్టుంటుందట. నేను బెంగ అనే మాట చెప్పి, అది పెట్టుకునేదనీ, పెట్టుకున్నాక అన్నం సయించదనీ వివరించాను. ఇలోనా ఆ మాటను తన నోటితో పలికి చూసుకుంది. తర్వాత ఆ సాయంత్రం ఇంకేమీ రాయలేదు.

ఆవిడ పుట్టింది కొండల్లోని ఒక చిన్న పట్నంలో. మహాయుద్ధం తర్వాత ఆ దేశపు సరిహద్దు వెనక్కి జరిగింది. దాంతో ఆ పట్నం ఉన్నచోట ఉండగానే వేరే దేశంలోకి వెళ్ళిపోయింది. తల్లి సమాధి చూడాలన్నా ఇప్పుడు పరాయి ప్రభుత్వం అనుమతి కావాలి. భర్త పని ముగిసి, తిరుగు ఓడ ఖాయమయ్యాక, వెళ్ళేలోపల ఒక్కసారి కొండలు చూస్తానని ఆవిడ పట్టుబట్టింది. భర్తకు తీరిక లేదు. తోడుకు ఆడమనిషి కావాలి, తెలుగూ ఇంగ్లీషూ రావాలి. ఇంకెవరు దొరుకుతారు? క్రిస్మసు సెలవులకు నా మూట నేనే కట్టుకున్నాను. దారిపొడవునా సణుగుతానని ముందే చెప్పాను, మాట తప్పలేదు.

మీరు బయల్దేరేటట్టయితే విజయనగరం నుంచి పొద్దున్న ఏడింటి మోటారు బస్సు పట్టుకోండి. తలకు ఆరణాలు. ఎండ ముదరకముందే శృంగవరపుకోటలో దింపుతుంది. సాలూరు దాకా రైలుంది కదా, అటునుంచి ఎక్కితే సుఖమేమో అని కొందరంటారు. సాలూరు ఘాటీ మంచిదే గాని, అది పొట్టంగి వైపు పోతుంది. అక్కడినుంచి అరకు రావడమంటే ముక్కెక్కడంటే తల చుట్టూ తిప్పి చూపించడమే. కోటలో ఎడ్లబండి మాట్లాడుకోవడం మేలు. రానూపోనూ మూడు నాలుగు రూపాయలు, ఎడ్ల దాణా మనది. మా బండి అప్పలసామిది. అతను సంతకు ఉప్పు తోలి, పసుపూ చింతపండూ కిందికి తెస్తుంటాడు. అప్పుడూ ఇప్పుడూ నా బండివాడు అతనే. మనుషుల్ని ఎక్కించుకోవడం అతనికి అంత ఇష్టం లేదు.

"ఉప్పుబస్తా అయితే నోరెత్తదు పంతులమ్మ గోరూ," అన్నాడు నా సణుగుడు విని. "బేగి ఎక్కండి, మంచు దిగిపోద్ది."

ఘాటీ మొదట్లో ఇంకో జత ఎడ్లను కడతారు. దిగేటప్పుడు బండి వెనక దుంగ కట్టి ఈడ్పిస్తారు. ఆ దుంగ నేలను రాసుకునే చప్పుడు వింటే నాకు ధైర్యంగా ఉంటుంది. మొదటిరోజు మజిలీ అనంతగిరి. ముసాఫరు బంగళా ఉంది, రోజుకు రూపాయి, తాసీల్దారు చీటీ ముందే తెచ్చుకోవాలి. వంటవాడికి కోడిపులుసు తప్ప ఇంకేదీ చేతకాదు. నేను తెచ్చుకున్న అటుకులతో గడిపాను. మా వాళ్ళు ఇల్లు దాటితే మంచినీళ్ళు కూడా పుచ్చుకోరు మరి. బంగళా వెనక ఎవరో దొర పెంచుతున్న కాఫీ మొక్కలున్నాయి. పొద్దున్నే వాటిమధ్య మంచులో ఇలోనా చాలాసేపు నడిచి వచ్చింది. తన ఊళ్ళో కూడా చెట్ల మొదళ్ళు ఇలాగే కనబడకుండా పోతాయని చెబుతుంటే ఆవిడ గొంతు వేరేగా ఉంది. చలిలో అలా తిరగొద్దని నేను చెప్పాను. ఎవరు వింటారు?

మర్నాడు లోయలోకి దిగేసరికి సన్నగా వాన పట్టుకుంది. గట్ల మీద వలిసె పూలు ఇంకా పచ్చగా ఉన్నాయి. చూడ్డానికి ఎంత బాగున్నా, తడిసిన కంబళి కప్పుకుని చూడవలసినవి కావు. అరకులో బంగళా చేరితే ఎవరో పెద్ద ఆఫీసరు మకాం వేసి ఉన్నాడు, మాకు చోటు లేదన్నారు. అప్పటికే ఇలోనా ఒళ్ళు కాలిపోతోంది. అప్పలసామి ఎడ్లను విప్పకుండానే హుకుంపేట దారి పట్టించి, తాను ఉప్పు అమ్మే ఒక ఊరికి తోలాడు. అక్కడ బుద్రి అనే ఆమె ఇంటిముందు బండి ఆపి, ఇద్దరాడవాళ్ళున్నారు, ఒకామెకు జ్వరం అన్నాడు. బుద్రి ఇంకేమీ అడగలేదు. లోపల నిప్పులున్న చోట చాప పరిచింది.

బుద్రికి ఇలోనా ఈడే ఉంటుంది. పొట్టిమనిషి, గట్టి చేతులు. కొండవాలులో సామలూ చోళ్ళూ పండించుకుంటారు. భర్త మాట్లాడని మనిషి, పన్నెండేళ్ళ కూతురు ఒక్కతే. ఇంట్లో ఒడియా కలిసిన కొండభాష, సంతలో తెలుగు. నేను క్వినైను బిళ్ళలు తీసుకొచ్చాను, అవి వేశాను. మిగిలినదంతా బుద్రి చేసింది. పిప్పళ్ళ కషాయం పట్టింది, పలచని చోడి అంబలి నోట్లో పోసింది, పాదాలు వెచ్చబెట్టింది. జ్వరం ఎక్కువైనప్పుడు ఇలోనా ఇంగ్లీషు మరిచిపోయి తన భాషలో ఏదేదో అంటుండేది. బుద్రి తన కొండభాషలో జవాబు చెబుతూ ఉండేది. ఒకామె అడుగుతోంది, రెండో ఆమె సమాధానపరుస్తోంది, ఇద్దరికీ అడ్డే లేదు. ఆ ఇద్దరి మధ్యా దుబాసీగా వచ్చినదాన్ని నేను. గోడకానుకుని కూర్చోవడం తప్ప నాకు పని లేకపోయింది. మూడో పూటకు ఆకలికి తట్టుకోలేక నేనూ ఆ అంబలే తాగాను. తాగానని ఇక్కడ రాస్తున్నాను కూడా, ఎవరికి అభ్యంతరమైతే వాళ్ళు మానుకోవచ్చు.

జ్వరం దిగిన పొద్దున్న ఎండ కాసింది. ఇలోనాను బయట అరుగు మీద కూర్చోబెట్టాం. బుద్రి చేటలో సామలు చెరుగుతూ, తలెత్తకుండా నాతో అంది.

"పంతులమ్మా, ఈయమ్మతో నాను నేస్తం కడతాను. అడుగు."

కొండమీద 'మీరు' లేదు, అందరూ నువ్వే. దానికి నేను అలవాటు పడ్డాను. కాని ఆ మాటకు మాత్రం ఉలిక్కిపడ్డాను. నేస్తం కట్టడమంటే ఏమిటో మా నాయనమ్మను చూసి నాకు తెలుసు. ఒకసారి కడితే చచ్చేదాకా ఉండేది. తర్వాత ఒకరి పేరు ఒకరు పలకరు, నేస్తం అనే పిలుచుకుంటారు. కొత్తపంట వండితే నేస్తం వంతు తీసి పెడతారు. ఒకరింట చావైతే రెండో ఇంట మైల పడతారు. ఇక ఈ ఊళ్ళో ఇంకొకటి కూడా ఉంది. ఆడపిల్ల పెళ్ళినాడు తల్లి పక్కన తల్లి నేస్తం నిలబడి, పిల్ల తలమీద చెయ్యి వేసి పంపాలి.

"నాకు తోడబుట్టినోల్లు నేరు, నేస్తం నేదు," అంది బుద్రి. "రేపు మా గుంట పెళ్ళికి నా పక్కన ఎవులు నిలబడతారు?"

నిన్న వచ్చి రేపు పోయే మనిషితో నేస్తమేమిటి, మీ ఊళ్ళోనే ఎవరినైనా చూసుకోరాదా అన్నాను. బుద్రి చేట పక్కన పెట్టింది.

"జొరంలో నా సెయ్యి ఒగ్గనేదు," అంది. 

ఇలోనా ఏమంటోందని అడిగింది. ఇంగ్లీషులో దీనికి దగ్గరి పలుకుబడి మేక్ ఫ్రెండ్స్. నాలుక మీదికి వచ్చేసింది కూడా. ఆ పని ఇంగ్లీషువాళ్ళు రెండు రైలు స్టేషన్ల మధ్య చేసుకుంటారు. 'ఈమె మీతో స్నేహం చేసుకోవాలనుకుంటోంది' అని ఊరుకుంటే ఇలోనా నవ్వి, తప్పకుండా అనేది. నెలలోపల ఓడెక్కేది. ఇక్కడ బుద్రి ఏటా ఆకు వేసుకుని, పెళ్ళినాడు దారి చూసుకుంటూ ఉండేది. ఆ మాట మింగేశాను. మైలతో సహా, పెళ్ళితో సహా మొత్తం చెప్పాను. చాలాసేపు పట్టింది.

విన్నాక ఇలోనా తన చిన్నప్పటి స్నేహితురాలు మార్గిత్ గురించి చెప్పింది. కొత్త సరిహద్దు గీసినప్పుడు వీళ్ళు ఇటు వచ్చేశారు, ఆమె అటే ఉండిపోయింది. ప్రతి వేసవికీ తప్పకుండా వస్తానని ఈవిడ మాటిచ్చింది. ఒక్క వేసవికీ వెళ్ళలేకపోయింది.

"ఈమెకు చెప్పండి," అంది. "నేను మళ్ళీ రాలేను. రాలేనని తెలిసి మాటివ్వడం నావల్ల కాదు. ఒకసారి చేశాను, చాలు."

ఇంత కష్టమైన మాట నేనెప్పుడూ తెలుగులోకి మార్చలేదు. ఎలా చెప్పినా కాదనడమే కదా. నెమ్మదిగా చెప్పాను. బుద్రికి కోపం రాలేదు. ఒకే ప్రశ్న వేసింది.

"రాలేనందా, వొద్దందా?"

అది ఇలోనాకు చెప్పాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వద్దనలేదు, వద్దనడం లేదు అని రెండుసార్లు అంది.

"రాలేకపోతే దారుంది," అంది బుద్రి. "వొద్దంటేనే దారి నేదు."

ఆ దారేమిటని నేను అడిగి ఉండవలసింది. అప్పుడు అడగాలని తోచలేదు. మధ్యాహ్నానికి బుద్రి నలుగురు ఆడవాళ్ళను పిలిచింది. నేస్తం కట్టుకునేవాళ్ళు ఆ పూట ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడకూడదట. భాష ఒకటే అయినా సరే, ఒకామె తన మాటను మధ్యమనిషి చెవిలో చెప్పాలి, మధ్యమనిషి దాన్ని పైకి రెండో ఆమెకు చెప్పాలి. నన్ను మధ్యన కూర్చోమన్నారు. నేను వెనక్కి జరిగాను. తొమ్మిదో ఏట పెళ్ళి, పదకొండో ఏట ఆ ముచ్చటా తీరిపోయిన మనిషిని నేను. మా ఊళ్ళో నాలాంటివాళ్ళను శుభకార్యంలో గుమ్మం దగ్గరికి కూడా రానివ్వరు. నా సంగతి చెప్పి, ఇంకెవరినైనా పెట్టుకోమన్నాను.

"నోరుంది కాదేటి," అంది బుద్రి. "సాలు."

కూర్చున్నాను. చేటలో కొత్త సామలు, వాటిమీద ఇద్దరి చేతులు. బుద్రి నా చెవిలో, నీ కష్టం నాది, నా కష్టం నీది అంది. ఇలోనా నా రెండో చెవిలో, నా చేతనైనంతవరకు మాట నిలబెట్టుకుంటానంది. రెండూ పైకి చెప్పాను. చెబుతుంటే నా గొంతు బడిలో పలికే గొంతులా లేదు. బుద్రి తన మెడలోని పూసల దండ తీసి ఇచ్చింది. ఇలోనా తన ఉన్ని శాలువా ఆమె భుజాల మీద కప్పింది. అప్పటినుంచి వాళ్ళిద్దరూ ఒకరి పేరు ఒకరు పలకలేదు.

బయల్దేరేటప్పుడు బుద్రి నాతో, కొత్తలకి వచ్చెయ్యి అంది. కొత్తలంటే దసరా రోజుల్లో కొత్తపంట వండుకునే పండగ. మర్యాదకు పిలుస్తోందనుకుని, చూద్దాంలే అన్నాను. ఘాటీ దిగుతుండగా అప్పలసామి వెనక్కి తిరిగాడు.

"సూద్దామన్నారేటి పంతులమ్మ గోరూ? మాట మోసినోల్లే పూచీ. ఆయమ్మ రాకపోతే ఆయమ్మ బదులు మీరెల్లాల. ఏటా కొత్తలకి, గుంట పెళ్ళికీని."

ఇది ముందే చెప్పవద్దా అని అతని మీద విరుచుకుపడ్డాను. మీరు అడగనేదు కదా అన్నాడు. దుంగ గీరుకుంటూ దిగుతోంది, ఎడ్లు నురగలు కక్కుతున్నాయి, నేను అరుస్తున్నాను. గొడవేమిటని ఇలోనా అడిగింది. చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది. మీరు అనువాదం చేశారంతే, ఇందులో మీకేం బాధ్యత లేదు, వెళ్ళవద్దు అంది.  కింద మైదానంలో ఇళ్ళు కనబడుతుండగా ఆవిడే మళ్ళీ మొదలుపెట్టింది. ఇంగ్లీషువాళ్ళు మాటను దాచి ఉంచుకుంటారు, కీప్ అంటారు. మా భాషలో మాట దగ్గర నిలబడతాం అంది. మేమూ అంతే, నిలబెడతాం అన్నాను.

"అయితే నా మాట మీ కాళ్ళ మీద నిలబడాలన్నమాట," అంది, నవ్వబోయి నవ్వలేక.

ఇంతకంటే మంచి కాళ్ళు చూసుకుని ఉండవలసింది అన్నాను. అప్పుడు ఇద్దరం నవ్వాం, నవ్వి ఏడ్చాం. అప్పలసామి ఎడ్లతో ఏదో చెప్పుకుంటూ ముందుకు తిరిగిపోయాడు. కొన్నాళ్ళకు విజయనగరం స్టేషన్లో రైలు కదులుతుండగా ఇలోనా కిటికీలోంచి తన భాషలో కాచుకోమని, విద్యాజ్ మొగొద్రొ అంది. అది మీకు అని చెప్పి, అదే మాట మళ్ళీ ఒకసారి పలికి, ఇది నేస్తానికి మోసుకెళ్ళడానికి అంది.

వెళ్ళాలని నేనేమీ అనుకోలేదు. ఈవిడ సముద్రాల అవతల, ఆమె కొండమీద, అడగడానికి ఎవరొస్తారని ధీమాగా ఉన్నాను. దసరా ముందు బజారులో కొత్త సామలు అమ్మకానికి వచ్చాయి. ఆ దుకాణం ముందు కొంచెంసేపు నిలబడ్డాను. అక్కడ ఆకు వేసి ఉంటుంది కదా అనిపించింది. ఇంటికి వెళ్ళి కంబళి దులిపాను. కోటలో అప్పలసామి ఏమీ అనకుండా బండి కట్టాడు. నా కోసం ఆ ఊరి మొదట్లోనే బుద్రి కూతురు నిలబడి ఉంది. ఇంట్లో అడ్డాకులు రెండు వేసి ఉన్నాయి. ఒకటి నాది, ఒకటి నేస్తానిది, రెండూ నేనే తినాలి. పిడతలో సామన్నం, చిక్కుడు గింజల కూర. పొట్ట పగిలేలా తిన్నాను. నేస్తం ఏమంది అని బుద్రి అడిగింది. అప్పటికి ఆవిడ దగ్గర్నుంచి నాకు ఒక్క ఉత్తరమూ రాలేదు. ఉన్నదొకటే మాట, అదే చెప్పాను. బుద్రి దాన్ని నోట్లో తిప్పుకుని, తప్పో ఒప్పో, పలికింది. అలా ఏటా జరుగుతోంది.

ఈ ఏడు మాఘంలో ఆ పిల్ల పెళ్ళి అని అప్పలసామి కబురు తెచ్చాడు. బడికి సెలవు పెట్టి వెళ్ళాను. కొత్తలకు వెళ్ళి అన్నం తినడం ఒక ఎత్తు, పెళ్ళి ఇంకొక ఎత్తు. దారంతా నాకు అదే గుబులు. మా అన్నకూతురి పెళ్ళిలో నన్ను వంటింటి వెనక కూర్చోబెట్టారు, నేనూ కూర్చున్నాను. కావాలని ఎవరూ బాధపెట్టలేదు, అది అలా జరగాలని అందరితోపాటు నేనూ నమ్మాను. అందుకే పిల్లను బయటికి తెచ్చి, బుద్రి నన్ను పక్కకు రమ్మన్నప్పుడు నా కాళ్ళు కదల్లేదు. నా చెయ్యి ఆ పిల్ల తలమీద పడకూడదు, దాని బతుకు బాగుండాలి, ఇంకెవరిచేతనైనా వేయించు అన్నాను. చుట్టూ డప్పులు, నా మాట బుద్రికి తప్ప ఎవరికీ వినబడలేదు.

బుద్రి భుజాల మీద ఇలోనా శాలువా ఉంది. అది అంచుల్లో చిరిగిపోయింది. ఆమె నా మొహంలోకి చూసింది.

"నిన్నెవులు నిలబడమన్నారు? నిలబడేది నా నేస్తం. ఆయమ్మ సెయ్యి నువ్వు తెచ్చినావు, అంతే. ఏసీసి ఊరుకో."

వేశాను. పసుపు రాసిన ఆ జుట్టు వెచ్చగా ఉంది. ఏమని దీవించాలో నాకు తెలియదు, నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు కదా. విద్యాజ్ మొగొద్రొ అన్నాను. పిల్ల తలెత్తి, అదే మాట నాకు తిరిగి అప్పజెప్పింది. ఏటా కొత్తలకు వాళ్ళమ్మ నోట వింటున్నదే. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా కనబడలేదు. బుద్రి ఆ శాలువా చెంగుతోనే నా కళ్ళు తుడిచింది.

కిందికి వచ్చి ఇలోనాకు ఉత్తరం రాశాను. ఇప్పుడు ఏడాదికి ఒకటి రెండు ఉత్తరాలు నడుస్తున్నాయి. ఆవిడ అక్కడ కొత్త గోధుమతో చేసిన మొదటి రొట్టెలో ఒక ముక్క నేస్తానికని తీసి, తినడానికి మధ్యమనిషి లేక పిచ్చుకలకు వేస్తోందట. పెళ్ళి సంగతి ఇంగ్లీషులో రాయడానికి చాలా కాగితాలు చింపాను. ఐ స్టుడ్ ఇన్ ఫర్ యూ అనవచ్చు, తప్పేమీ లేదు, మా పిల్లలకు నేనే అలా నేర్పుతాను. కాని నేను మీ బదులు నిలబడ్డానని రాస్తుంటే, నిజం దానికి తిరగబడి ఉందనిపించింది. నిలబడే చోటు లేనిది నాకు. ఆవిడ మాటను మోసుకుని వెళ్ళబట్టి నాకు ఆ చోటు దొరికింది. చివరికి అదే రాశాను. కొండలంటే ఇప్పటికీ నాకు పడదు. కాని భాద్రపదం రాగానే కొండవైపు మబ్బు పట్టిందా లేదా అని చూస్తుంటాను. బెంగ అంటే ఇదేనని ఇలోనాకు ఇప్పుడైతే ఇంకా బాగా చెప్పగలను.

ఇక వెళ్ళేవారికి. కంబళ్ళు రెండు పట్టుకెళ్ళండి, క్వినైను మరవకండి, పై ఊళ్ళకు ఉప్పు తీసుకెళితే ఎవరింట్లోనైనా చోటు దొరుకుతుంది. అక్కడ ఎవరైనా తమ మాట ఒకటి మధ్యన కూర్చుని చెప్పిపెట్టమంటే మాత్రం, ముందు మీ మోకాళ్ళు ఒకసారి చూసుకోండి. తర్వాత, ఎలా ఉన్నా సరే, కూర్చోండి.